ఎండవేడిమి జమాఖర్చులు

గ్రంథాలయ రజతోత్సవ వేదికపై కావ్యగోష్ఠియో, పురాణప్రసంగమో జరుగుట వాడుక. అట్టిచోట ఎండనుగూర్చి ప్రసంగమేమని కొందఱు వింతపడవచ్చును. ఐనను, వడదెబ్బకు మనుష్యులు రాలిపోవు దేశమున ఎండ సంగతి తెలిసికొనుట కావ్యపఠనమునకు తీసిపోవు పని కాదు. ఎండ ఎక్కడినుండి వచ్చునో పసివారికిని తెలియును. వచ్చిన వేడిమి పిమ్మట ఎక్కడికి పోవునో విచారించువారు మాత్రము అరుదు. అప్పిచ్చినవాడు పత్రము భద్రపఱచును; ధాన్యము కొలిచినవాడు పద్దు వ్రాసికొనును. దినదినమును ఆకాశమునుండి దిగివచ్చు ఈ సొమ్మునకు మాత్రము లెక్క యడుగువాడు కానరాడు.

రోహిణి కార్తెలో నడిమధ్యాహ్నమున ఒక్క ఊరిలోనే మూడు విధముల వేడిమి కాననగును. వాకిటి బండపై కాలు మోపుటకు వీలుండదు. చెఱువునీరు పైపైన గోరువెచ్చగా నుండి, మొలలోతున చల్లగా నుండును. నూతినుండి చేదిన నీరు చేతులకు హాయి గొలుపును. ఆ మూడింటికిని పైనున్న సూర్యుడొక్కడే. భేదమంతయు పుచ్చుకొన్నవారియందే యున్నది. ఎవరెంత పుచ్చుకొందురు, పుచ్చుకొన్నదానిని ఎంతకాలము దాచుకొందురు, మఱల ఎవరికి అప్పగింతురు అనునవియే ఈ లెక్కలోని ముఖ్యమైన పద్దులు.

వేడిమి యనగా కంటికి కానరాని యొక ద్రవమనియు, అది వస్తువునుండి వస్తువునకు కారుచుండుననియు 18వ శతాబ్దమున పాశ్చాత్య పండితులలో పలువురు తలంచిరి. మ్యూనిక్ నగరమున ఫిరంగులు తొలిపించుచుండిన కౌంట్ రంఫర్డు, తొలుచుచున్నంతసేపును లోహమునుండి వేడిమి పుట్టుచునే యుండుట గమనించి, ద్రవమే యైనచో ఎప్పటికైనను తఱిగిపోవలెను గదా యని 1798లో ఆ మతమును ఖండించెను. తరువాత 1840 ప్రాంతములందు జూల్ అను ఆంగ్లేయుడు, చేసిన పనికిని పుట్టిన వేడిమికిని కచ్చితమైన నిష్పత్తి కలదని కొలిచి చూపెను. వస్తువులోని అణువుల అలజడియే వేడిమి యని నేడు అందఱును అంగీకరించిన మాట. ఆ అలజడి ఒకచోట అణగినచో మఱియొకచోట లేచును. అది ఊరక నశించుట లేదు.

ఇది సాగిపోవు త్రోవలు మూడు. పొయ్యిమీది కూరలో నుంచిన ఇనుపగరిటె కాడ చేతిని కాల్చుట ఉష్ణవహనము. ఎసటినీరు అడుగున కాగి పైకి లేచి, పైనీరు క్రిందికి దిగి సుడితిరుగుట ఉష్ణసంవహనము. పొయ్యి యెదుట కూర్చున్నవారి మోమునకు, నడుమనున్న గాలితో పనిలేకయే, సెగ తగులుట వికిరణము. సూర్యుని వేడిమి పదునైదు కోట్ల కిలోమీటర్ల శూన్యమును దాటి వచ్చుట ఈ మూడవ త్రోవననే. అట్లు వచ్చినది నూఱుపాళ్లనుకొన్నచో, సుమారు 30 పాళ్లు మబ్బులనుండియు, మంచునుండియు, ఇసుకనుండియు తిరిగి ఆకాశమునకే పోవును. దాదాపు 23 పాళ్లు గాలియును మబ్బులును పీల్చుకొనును. మిగిలిన 47 పాళ్లు నేలకును నీటికిని దక్కును.

మొదట నేల సంగతి. మన్ను వేడిమిని పుచ్చుకొనుటలో చుఱుకే గాని, లోపలికి చేరవేయుటలో మిక్కిలి సోమరి. పగటివేడిమి మీటరు లోతునకైనను చక్కగా చేరజాలదు. వేసవి వేడిమి ఆఱేడు మీటర్ల లోతునకు దిగుసరికి పైన చలికాలము ప్రవేశించును. అప్పటికి ఆ వేడిమియు చాలవఱకు అణగిపోయియుండును. అందుచేతనే లోతైన నూతినీరు ఏడాది పొడుగునను ఇంచుమించు ఒకే తీరుగ నుండును. వేసవిలో చల్లగాను, శీతకాలపు తెల్లవాఱుజామున వెచ్చగాను తోచుట చేదుకొనువారి ఒంటిగుణమే గాని నూతి గుణము కాదు. పూర్వులు ధాన్యమును పాతఱలలో దాచుటయందును ఈ యెఱుక కొంత యున్నది.

రోహిణి యెండలకు రోళ్లు పగులునని సామెత. అందు అతిశయోక్తి యుండవచ్చును గాని సూత్రము తప్పు కాదు. రాతి పైపొర కాగి వ్యాకోచించును. వేడిమి అందని లోభాగము ఉన్నచోటనే యుండును. ఆ పెనగులాటలో రాయి బీటవాఱును.

పగలు పుచ్చుకొన్నదానిని నేల రాత్రి వికిరణముచే ఆకాశమున కప్పగించును. మబ్బు లేని రాత్రి అప్పగింత త్వరగా జరుగును గనుకనే మంచు కురియుట అట్టి రాత్రులందు. మబ్బు కమ్మిన రాత్రి దుప్పటి కప్పినట్లుండి నేల చల్లబడదు. విశాఖ మన్యములోని లంబసింగి సముద్రమట్టమునకు వేయి మీటర్ల ఎత్తునకు అటునిటుగా నున్న చిన్న గ్రామము. నిర్మలమైన పుష్యమాసపు రాత్రులలో అక్కడి నేల తన వేడిమిని ఆకాశమునకు ధారపోయగా, చల్లబడిన గాలి బరువెక్కి పల్లమునకు జాఱి నిలిచిపోవును. తెల్లవాఱుసరికి గడ్డిపైన నీరు పేరుకొన్న ఏండ్లు కలవు. తెలుగుదేశమున మంచుగడ్డ కట్టుటేమని నవ్వువారు ఒక రాత్రి అక్కడ గడపి రావచ్చును.

భూగర్భమందును వేడిమి కలదు. లోతు ఒక కిలోమీటరు పెరిగినకొలది 25 నుండి 30 డిగ్రీలు హెచ్చును. ఐనను అక్కడినుండి పైకి వచ్చునది సూర్యుడిచ్చుదానిముందు చిల్లరకాసువంటిది. దానిని విడిచిపెట్టవచ్చును.

ఇంటికప్పు సంగతి మాత్రము విడువరానిది. మందమైన మట్టిగోడలోనికి పగటివేడిమి మెల్లగా దిగి, లోపలికి చేరుసరికి సాయంకాలమై బయట గాలి చల్లబడును. తాటాకు కప్పునందలి యాకుల సందున గాలి చిక్కుకొని వేడిమిని అడ్డగించును. ఇనుపరేకు నిమిషములలో కాగి, క్రిందనున్నవారి తలలపై పొయ్యివలె సెగ కురిపించును. సిమెంటు కప్పు పగలంతయు పీల్చిన వేడిమిని రాత్రి పండుకొన్నవారిపై కుమ్మరించును. గుడిసె పోయి మేడ వచ్చుట మంచిదే. అగ్నిభయము తగ్గినది, వానబాధ తప్పినది. కాని నిద్ర చెడినదన్న ముసలివారి మాట ఛాదస్తము కాదు.

ఇక నీరు. ఈ కథలో పెద్ద షావుకారు నీరే. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కెలోరీ కావలెను. ఒక గ్రాము ఎండుమట్టికి అందులో అయిదవవంతు చాలును. అదియును గాక, ఎండ నేలపై పైపొరను మాత్రమే తాకును; తేటనీటిలోనికి కొన్ని మీటర్లు దిగును. అలలు దానిని కలియద్రిప్పి ఇంకను లోపలికి చేర్చును. ఇవన్నియు ఒకయెత్తు, ఆవిరి యొకయెత్తు.

ఆవిరి రహస్యమును మొదట కొలిచి చెప్పినవాడు స్కాట్లండు దేశీయుడైన జోసెఫ్ బ్లాక్. 1760 ప్రాంతములందు గ్లాస్గోలో ఆతడు చేసిన పరీక్షలవలన ఒక వింత తేలినది. మంచుగడ్డ కరగుచున్నంతసేపును ఎంత వేడిమి యిచ్చినను ఉష్ణమాపకము పైకి కదలదు. నీరు మరగి ఆవిరియగుచున్నప్పుడును అంతే. ఇచ్చిన వేడిమి నష్టమైనదా? లేదు. ఆవిరిలో దాగినది. దీనినే గుప్తోష్ణమందురు. మామూలు వేసవి యుష్ణమున ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీలు దాచుకొనును. ఆవిరి మఱల నీరైననాడు ఆ సొమ్మంతయు తిరిగి యిచ్చివేయును.

మట్టికుండ చేయు పని యిదియే. కుండ గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, తనకు కావలసిన 580 కెలోరీలను లోపలి నీటినుండి లాగికొనును. పొడిగాలి వీచు తెలంగాణమందును, రాయలసీమయందును కుండనీరు మిక్కిలి చల్లనగుటయు, ఉక్కపోసెడి బందరు తీరమున అంతగా చల్లబడకుండుటయు అనుభవజ్ఞులకు తెలిసినదే. గాలి యిదివఱకే తేమతో నిండియున్నచో ఆవిరికి చోటెక్కడిది? వట్టివేళ్ల తడికలును ఇట్లే పొడిచోట పనిచేసి, తేమచోట ఊరక తడిసియుండును. ఈ కుండ సంగతిని సభాసదులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మనుష్యశరీరము కథయు ఇంతకు భిన్నము కాదు.

ఇప్పుడు గాలి. ఎండ తిన్నగా గాలిని కాచునది తక్కువ. నేల కాగి, ఆ నేల గాలిని కాచును. కాగిన గాలి వ్యాకోచించి పైకి లేచును. లేచినకొలది విరిసి చల్లబడును. సగటున కిలోమీటరు ఎత్తునకు ఆఱున్నర డిగ్రీలు తగ్గుట చేతనే తిరుమలకును, హార్సిలీ కొండకును వేసవిలో అంత పేరు. తీరమున పగలు నేల త్వరగా కాగి గాలి పైకి లేవగా, ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లగాలి లోపలికి వచ్చును. రాత్రి నేల ముందు చల్లబడుటచే గాలి వెనుకకు మళ్లును. పడవలవారు ఈ రాకపోకలను నమ్ముకొనియే తరతరములుగా తెరచాప లెత్తిరి.

ఈ సముద్రపుగాలికి ఏడాది పొడవు రూపమే ఋతుపవనమని 1686లో ఎడ్మండు హేలీ సూచించెను. తోకచుక్కకు పేరు నిలిచిన హేలీయే ఈతడు. వేసవిలో ఆసియాఖండము కాగును, హిందూ మహాసముద్రము వెనుకబడును, తేమగాలి ఖండముపైకి తరలును. ఆతని మాట పునాదికి చాలును గాని మేడకు చాలదు. భూభ్రమణముచే గాలులు ఏల ప్రక్కకు తిరుగునో 1735లో హాడ్లీ కొంతవఱకు చెప్పెను. మబ్బులో ఆవిరి నీరగునపుడు విడుదలయగు గుప్తోష్ణము గాలిని ఇంకను పైకెత్తి ఋతుపవనమునకు బలము చేకూర్చుననుట తరువాతివారు తెలిసికొన్నది. రఘువంశమున దిలీపుడు పన్నులు పుచ్చుకొన్న తీరును, సూర్యుడు జలమును గ్రహించి పెక్కింతలుగా వర్షించు తీరుతో కాళిదాసు పోల్చెను. కవి నీటి జమను చెప్పెను. ఆ నీటితోపాటు కడలినుండి కొండలకు తరలు వేడిమి జమను శాస్త్రము చెప్పుచున్నది. ఒకదాని కొకటి విరోధము లేదు.

ఇదే బలము దుష్టమైననాడు తుఫాను. సముద్రపు పైనీరు సుమారు 26 డిగ్రీల కన్న వెచ్చగా నుండి, పైగాలులు అనుకూలించినపుడు, ఆవిరి విడిచిన వేడిమి గాలిని లేపును. లేచినగాలి మఱింత యావిరిని రప్పించును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. ఆ రాత్రి గాలికి బలమిచ్చినది బంగాళాఖాతపు నీటిలో దాగిన ఎండయే. తుఫాను భూమి నెక్కినంతనే క్రమముగా నీరసించుటకు కారణము, క్రిందనుండి ఆవిరి యందకపోవుట.

జమయు ఖర్చును సరితూగినంతకాలము భూమి వేడిమి నిలుకడగా నుండును. కాని 1859లో జాన్ టిండాల్ లండనులో ఒక సంగతి కనుగొనెను. గాలిలో మిక్కిలి హెచ్చుగానున్న నత్రజని, ప్రాణవాయువులు వేడికిరణములను నిరాటంకముగా పోనిచ్చును. కొద్దిగానున్న నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును మాత్రము వాటిని పట్టుకొనును. ఈ దుప్పటి యసలే లేనిచో భూమి సగటు ఉష్ణము నేటి 15 డిగ్రీలకు బదులు సున్నకు 18 డిగ్రీల దిగువ నుండెడిది. కనుక దుప్పటి మేలే. అది మందమగుట చిక్కు. యంత్రయుగమునకు పూర్వము గాలి పదిలక్షల పాళ్లలో 280 పాళ్లుగానున్న బొగ్గుపులుసు వాయువు, బొగ్గును చమురును తగులబెట్టుటచే నేడు 420 పాళ్లు దాటినది. ఖర్చుకు అడ్డుపడినచో నిలువ పెరుగుట లెక్క తెలిసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2024వ సంవత్సరము కొలతలున్నంతవఱకు మిక్కిలి వేడియైన యేడు. 1850–1900 నాటి సగటుకన్న సుమారు ఒకటిన్నర డిగ్రీ హెచ్చు.

ఒకటిన్నర డిగ్రీయే గదా యని పెదవి విఱచువారు కలరు. వారు గాలి పద్దును మాత్రమే చూచుచున్నారు. పెరిగిన నిలువలో దాదాపు నూటికి 90 పాళ్లు సముద్రముల పాలైనది. సముద్రపు పైభాగమున మూడు మీటర్ల నీరు ఇముడ్చుకొనగల వేడిమి, ఆకాశమందలి గాలియంతయు కలిసి ఇముడ్చుకొనగల వేడిమితో సమానము. అంతటి షావుకారు పుచ్చుకొనుచున్నందుననే గాలి పద్దున అంకె ఇంత చిన్నదిగ కనబడుచున్నది. ఆ షావుకారు దాచుకొన్నది వెచ్చనినీరు. వెచ్చనినీటినుండి హెచ్చుగా ఆవిరి. ఆవిరివలన తీరమున ఉక్క.

ఈ లెక్క తుదకు చేరునది చేనిలో వంగి పనిచేయుచున్న మనిషి వీపుపైకి. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వడగాలులకు వేయిమందికి పైబడి చనిపోయిరి. 2015 మే నెలలో మఱల అట్లే జరిగినది. దేశమందు రెండువేలకు పైబడిన మరణములలో అధికభాగము తెలుగు రాష్ట్రములు రెండింటివే. తీరమున సముద్రపుగాలి యుండగా అంత యెండ యెట్లు కాచెనన్న, పడమటినుండి వాయవ్యమునుండి వీచిన పొడిగాలి బలమై, సముద్రపుగాలిని లోపలికి రానీయక ఒడ్డుననే నిలిపినది. ఎడారుల మీదుగా, కాగిన పీఠభూమి మీదుగా వచ్చిన ఆ గాలికి ఎక్కడను చల్లబడుటకు అవకాశము లేకపోయెను. చనిపోయినవారిలో కూలీలును, వృద్ధులును హెచ్చు. నీడపట్టున నుండువారికి ఎండ ఒక మాట. కూలిపోయినచో పొయ్యి వెలుగనివారికి అది వేఱొక మాట.

శరీరము లోపల 37 డిగ్రీలు, చర్మముపైన సుమారు 35 డిగ్రీలు. పనిచేయు కండరములు నిరంతరము వేడిమిని పుట్టించుచునే యుండును; దానిని వెలికి పంపక తప్పదు. గాలి చర్మముకన్న చల్లగానున్నచో తాకిడిచేతనే పోవును. గాలియే 40 డిగ్రీలైనపుడు వహనము, సంవహనము, వికిరణము మూడును ఎదురుతిరిగి శరీరమునకే వేడిమి నిచ్చును. అప్పుడు మిగిలినది కుండ యుపాయ మొక్కటే: చెమట ఆవిరియగుట. పనివానికి గంటకు లీటరు చెమట పోవుట వింత కాదు.

కావున ఉష్ణమాపకపు అంకె యొక్కటి చూచి ఎండను అంచనా వేయరాదు. బుడ్డికి తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకమును గాలిలో నుంచినచో, ఆవిరివలన ఎంత చల్లబడవచ్చునో అది చూపును. 45 డిగ్రీల యెండలో తేమ నూటికి 10 పాళ్లున్నచో తడిగుడ్డ సుమారు 21 చూపును. 38 డిగ్రీలలో తేమ 60 పాళ్లున్నచో అది సుమారు 31 చూపును. తడిగుడ్డ అంకె 35 చేరినచో నీడలో ఊరక కూర్చున్న మనిషియు కొన్ని గంటలకు మించి బ్రదుకజాలడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆరోగ్యవంతులైన యువకులపై అమెరికాలో జరిగి 2022లో ప్రకటింపబడిన పరీక్షలలో, 31కి అటునిటుగానే శరీరము లెక్కతప్పుట కనబడినది. పడమటి సీమలో అపాయము ఒంటినీరు ఎండిపోవుటవలన. అక్కడ నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ, నీడ కాపాడును. తీరమున అపాయము చెమట ఆఱకపోవుటవలన. అక్కడ ఎంత నీరు త్రాగినను, గాలి తగులని చోట పని మానక తప్పదు. 38 డిగ్రీలే గదా యని తీరమందలి కూలీని మధ్యాహ్నము చేనిలో నిలుపు ఆసామి అంకెను చదివినాడు గాని లెక్కను చదువలేదు.

రాత్రి సంగతియు ఇందులో చేరును. పగలు శరీరమున పేరుకొన్న బాకీ రాత్రి చల్లదనమున తీరవలెను. రేకుల క్రిందను, సిమెంటు కప్పుల క్రిందను పండుకొన్నవారికి అది తీరకుండగనే తెల్లవాఱును. మఱునాటి యెండ పాతబాకీపై పడును. వడగాలి మూడవనాడో, నాలుగవనాడో ముసలివారు హఠాత్తుగా కూలిపోవుటకు ఇది యొక ముఖ్యకారణము. చెఱువు పూడ్చి ఇండ్లస్థలములు చేసినచోట ఈ బాకీ ఇంకను హెచ్చు. ఏలనన, పగటి యెండలో కొంతభాగమును ఆవిరిగా మార్చి మోసికొనిపోవుచుండిన నీరు అక్కడ లేదు. వేపచెట్టు ఆకులనుండియు ఇట్లే నీరు ఆవిరియగును. చెట్టునీడ రేకునీడకన్న చల్లన యగుటకు అదియు ఒక కారణము.

వడదెబ్బ తగిలినవాని ఒంటివేడిమి 40 డిగ్రీలు దాటును, మాట తడబడును, తెలివి తప్పును. అట్టివానిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు తడిపి విసరుచు, ఆసుపత్రికి తరలింపవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. నీరు పోయవలసినది ఒంటిపైన. 60 కిలోల మనిషి ఉష్ణము ఒక డిగ్రీ తగ్గవలెనన్న సుమారు 50 వేల కెలోరీలు వెలికి పోవలెను. చర్మముపైన చల్లిన పావు లీటరు నీరు, ఆ వేడిమియంతయు ఒంటినుండియే తీసికొని ఆవిరియైనచో, తనతో లక్షా నలువదియైదు వేల కెలోరీలు మోసికొనిపోవును. అనగా దాదాపు మూడు డిగ్రీలు. దానికి కావలసినవి ఒక గ్లాసెడు నీరు, ఒక తడిగుడ్డ, విసనకఱ్ఱ పట్టిన చేయి.